వేళ్ల తిమ్మిరి, మణికట్టు ఆపరేషన్, మళ్లీ పనిలోకి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే జబ్బు, కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ గురించి ఉన్నందున వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. కార్పల్ టన్నెల్ అనేది అరచేయి మొదట్లో, మణికట్టు దగ్గర ఉండే ఇరుకైన దారి. దానికి అడుగున, పక్కల చిన్న ఎముకలు, పైన దళసరి లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) ఉంటాయి. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లు), వాటితో పాటు మీడియన్ నరం ఆ దారి గుండానే అరచేతిలోకి వెళతాయి. స్నాయువుల చుట్టూ ఉన్న పొర దళసరెక్కినా, ఒంట్లో నీరు చేరినా, మణికట్టు ఎముక విరిగి వంకరగా అతికినా, సాగడానికి వీల్లేని ఆ చోట ముందుగా నలిగేది నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం ఆ నరం పరిధిలోవి కనుక తిమ్మిరి అక్కడే పడుతుంది, చిటికెన వేలికి రాదు. ఆపరేషన్ ఎలా చేస్తారన్న ప్రశ్న కన్నా ఎన్నాళ్లు పని మానాలన్న ప్రశ్నే ఎక్కువ ఉత్తరాల్లో ఉంది. చేతిపని మీద ఇల్లు నడిచేవారు అలా అడగడం సహజం. అయితే ఆ లెక్కను ఆపరేషన్ జరిగిన రోజు నుంచి కాక, నరం ఎంత కాలంగా నలుగుతున్నదో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. చాలా ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఏడాదిగా రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. లేచి చేయి విదిలిస్తే తగ్గుతుంది. మొదట మెడ నరం అన్నారు, మెడకు పట్టీ వేసుకున్నా గుణం కనిపించలేదు. ఇప్పుడు నరాల పరీక్ష చేసి మణికట్టు దగ్గర ఆపరేషన్ చేయాలంటున్నారు. నరం కోస్తే చేయి పడిపోతుందని మా వాళ్లు భయపెడుతున్నారు. శ్రావణమాసం పెళ్లిళ్లకు చేతినిండా పని ఉంటుంది. ఎప్పుడు చేయించుకోవాలి, ఎన్నాళ్లకు మళ్లీ కుట్టగలను? ఎడమచేతికి కూడా కొంచెం తిమ్మిరి ఉంది. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా మీ ఇంట్లోవారి భయం సంగతి చెబుతాను. ఈ ఆపరేషన్‌లో నరాన్ని కోయరు. నరానికి పైకప్పుగా ఉన్న లిగమెంటును మాత్రమే నిలువునా విడదీసి వదిలేస్తారు, దాని అంచులను తిరిగి కలిపి కుట్టరు. అంచులు పక్కలకు జరిగి, వాటి మధ్య కొత్త పొర ఏర్పడి, దారి వెడల్పవుతుంది. నరానికి గాయమయ్యే ప్రమాదం బొత్తిగా లేదని ఏ వైద్యుడూ చెప్పడు కానీ, ఈ పనిలో అనుభవమున్నవారు చేసినప్పుడు అది చాలా అరుదు. నలుగుతున్న నరాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే అది చెడిపోవడం మాత్రం నేను తరచుగా చూసే విషయమే.

మెడ గురించి ఒక మాట. మెడ దగ్గర నరం నొక్కుకుంటే బాధ సాధారణంగా మెడ నుంచి భుజం మీదుగా కిందికి దిగుతుంది, మెడ తిప్పినప్పుడు ఎక్కువవుతుంది. నిద్రలోంచి లేపి, చేయి విదిలిస్తే తగ్గే తిమ్మిరిని ముందు మణికట్టు దగ్గరే వెతకాలి. చేతి తిమ్మిరి అనగానే మెడ ఎక్స్‌రేకు పంపడం మన దగ్గర ఒక అలవాటుగా స్థిరపడింది. నడివయసు వారి మెడ ఎక్స్‌రేలో ఏదో ఒక అరుగుదల కనిపించడం మామూలే కనుక ఆ తప్పుదారి త్వరగా బయటపడదు. మీకు ఏడాది అలా గడిచింది.

నరాల పరీక్షలో జబ్బు ఏ స్థాయిలో ఉందని రాశారో మీరు తెలపలేదు. తేలిక స్థాయి అయితే రాత్రిళ్లు మణికట్టును వంగకుండా నిటారుగా ఉంచే స్ప్లింట్‌ను కొన్ని వారాల పాటు వాడి చూడవచ్చు. స్టెరాయిడ్ సూది కూడా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఉపశమనం ఇస్తుంది కానీ, మీకు షుగర్ ఉంది కనుక సూది తర్వాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మధ్యస్థ స్థాయి దాటితే, లేదా పగలు కూడా తిమ్మిరి వదలకుండా ఉంటే, ఆపరేషన్‌ను వాయిదా వేయడంలో లాభం లేదు. షుగర్ ఉన్నవారికి ఆపరేషన్ పనిచేయదన్న మాట నిజం కాదు. షుగర్ వల్ల నరాలన్నీ కొంత దెబ్బతిని ఉంటే ఆ భాగం మాత్రం మిగిలిపోతుంది. మణికట్టు దగ్గర ఒత్తిడి వల్ల వచ్చిన బాధ పోతుంది.

ఆపరేషన్ రోజున ఇంటికి వచ్చేయవచ్చు. అరచేతి దగ్గర మాత్రమే మత్తు ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. కోత అరచేయి మొదట్లో మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది, అసలు పని పావుగంట నుంచి అరగంటలో ముగుస్తుంది. ఉంగరాలు, గాజులు ముందు రోజే ఇంట్లో తీసి పెట్టండి, వాపు వచ్చాక అవి దిగవు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు.

మొదటి రెండు మూడు రోజులు చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. పడుకున్నప్పుడు దిండు మీద పెట్టుకుంటే చాలు. చేతిని రోజంతా మెడకు వేలాడదీసి ఉంచవద్దు. భుజం బిగుసుకుపోతుంది, షుగర్ ఉన్నవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. మొదటి రోజు నుంచే గంటకోసారి వేళ్లను పూర్తిగా ముడిచి, పూర్తిగా చాచాలి. ఈ ఒక్క పనిని నిర్లక్ష్యం చేసినవారే తర్వాత వేళ్లు బిగుసుకుపోయాయని తిరిగి వస్తారు. కట్టు తడవకూడదు కనుక కుట్లు తీసేవరకు చెంచాతో తినాలి. శౌచానికి ఎడమచేతి అలవాటు మనకు ఎలాగూ ఉంది కనుక ఆ ఇబ్బంది తక్కువ. చీర కుచ్చిళ్లు, జడ, జాకెట్ హుక్కులు మాత్రం వారం పది రోజులు ఇంకొకరి సాయంతోనే అవుతాయి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. మీ విషయంలో పద్నాలుగు రోజులు ఆగమనే అంటారు.

ఇక కుట్టుపని. దర్జీ పని అంటే అంతా ఒకటే అనుకోకండి. హుక్కులు కుట్టడం, చీర అంచుకు ఫాల్ చేత్తో కుట్టడం వంటి సూదిపని కుట్లు తీసిన కొద్ది రోజులకు, నొప్పి ఒప్పినంత మేర మొదలుపెట్టవచ్చు. మోటారు ఉన్న మెషిన్ మీద సాదా కుట్టు మూడు నాలుగు వారాలకు వీలవుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా చేతికి వచ్చేది కత్తెర. పట్టు బట్టనూ లైనింగునూ కలిపి కత్తిరించడానికి కావలసిన పట్టు ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ రాదు, బలవంతంగా చేస్తే అరచేయి మొదలు వాచి వారం వెనక్కి పోతారు. ఇస్త్రీ పెట్టె కూడా ఆ కోవలోదే. ఆషాఢం మొదట్లో ఆపరేషన్ చేయించుకుంటే శ్రావణం తొలి వారానికి మెషిన్ ముందు కూర్చోగలరు కానీ, ఎప్పటిలాగా నిండుగా ఆర్డర్లు ఒప్పుకోలేరు. కత్తిరింపుకు ఒక మనిషిని పెట్టుకోగలిగితే ఆ సీజన్ దాటుతుంది. పెళ్లిళ్లు అయ్యాక చూద్దాం అనుకుంటే, నాలుగు నెలల పాటు నరం అదే ఒత్తిడిలో ఉంటుంది. పరీక్ష తీవ్ర స్థాయి చూపించి ఉంటే నేనైతే ఆ మార్గం సూచించను.

ఎడమచేతికి ఇప్పటి నుంచే రాత్రిళ్లు స్ప్లింట్ వేసుకోండి. రెండు చేతులకూ ఒకేసారి చేసేవారు ఉన్నారు కానీ, ఇంటిపనీ కుట్టుపనీ రెండూ మీ మీదే ఉన్నప్పుడు కుడిచేయి కుదుటపడ్డాక ఎడమదాని సంగతి చూసుకోవడమే మంచిది.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, చిన్ననాటి నుంచి బీడీలు చుడుతోంది. రెండేళ్ల కిందట చేతులు బాగా నొచ్చేవి, రాత్రి నిద్ర ఉండేది కాదు. నరాల బలానికి మాత్రలు వాడింది, నూనె మర్దన చేయించింది. ఇప్పుడు నొప్పి తగ్గింది కానీ ఆకు కత్తిరించేటప్పుడు కత్తెర జారిపోతోంది, దారం చుట్టడం ఆలస్యమవుతోంది. నొప్పి లేదు కదా, ఆపరేషన్ అవసరమా? – ఒక పాఠకుడు, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీ అమ్మగారికి తగ్గింది నొప్పి మాత్రమే, జబ్బు కాదు. నరం బాగా దెబ్బతిన్నాక నొప్పిని మోసే శక్తి కూడా దానికి తగ్గుతుంది. రాత్రి మెలకువలు ఆగిపోయి, వేళ్లు రోజంతా మొద్దుబారి ఉండి, చేతిలోని వస్తువులు జారిపడడం మొదలైతే అది చివరి దశకు చేరుతున్న గుర్తు. ఆమె రెండు అరచేతులనూ వెలుగులో పక్కపక్కన పెట్టించి చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ పల్లంగా కనిపిస్తే, లేదా అరచేయి పైకి పెట్టి బొటనవేలిని నిటారుగా పైకెత్తమంటే, మీరు వేలితో కొంచెం అడ్డుపెట్టగానే అది వాలిపోతే, ఇక ఆలస్యం చేయకూడదు.

ఇంత దూరం వచ్చాక ఆపరేషన్ వల్ల ఏమొస్తుందని మీరు అడగవచ్చు. పోయిన కండ పూర్తిగా తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వలేను, చాలామందికి రాదు. మిగిలిన నరాన్ని కాపాడుకోవడం, వేళ్లకు కొంతైనా స్పర్శ తిరిగి రావడం, ఉన్న పట్టు ఇంకా జారిపోకుండా ఆగడం ఈ వయసులో చిన్న లాభాలు కావు. ఈలోగా పొయ్యి మీది గిన్నెలను గుడ్డ లేకుండా పట్టుకోవద్దని చెప్పండి. మొద్దుబారిన వేళ్లు కాలినా వెంటనే తెలియదు.

నరాల మాత్రల సంగతి. ఒత్తిడిలో ఉన్న నరానికి ఏ విటమిన్ మాత్రా చోటు చేయలేదు. అయితే షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి బి12 తగ్గడం, దానివల్ల కాళ్లూ చేతులూ చిమచిమలాడడం ఉన్నదే కనుక, ఆమె ఆ మందు వాడుతుంటే ఒకసారి రక్త పరీక్ష చేయించి, లోటుంటే దాన్ని విడిగా పూరించాలి. ఆపరేషన్ తర్వాత బీడీ చుట్టడం నాలుగైదు వారాలకు నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు. తునికాకు కత్తిరించే పనిని మాత్రం రెండు నెలల దాకా ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే ఇంట్లో ఇది సులువైన సలహా కాదని నాకు తెలుసు, అయినా దీనికి దగ్గరి దారి లేదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 34. కీబోర్డు వల్లనే ఈ జబ్బు వచ్చిందని స్నేహితులు అంటున్నారు, ఉద్యోగం మార్చుకోవాలా? ఒక వైద్యుడు మామూలు ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ఎండోస్కోపీ అన్నారు, ఖర్చు ఎక్కువ. ఏది మేలు? ఆరు వారాల సెలవు అవసరమవుతుందా? బైకు ఎప్పుడు నడపవచ్చు?

జవాబు: కీబోర్డే కారణమని గట్టిగా చెప్పడానికి తగిన ఆధారాలు లేవు. బలంగా పట్టుకుని అదే పనిని పదేపదే చేయడం, అదిరే యంత్రాలను పట్టుకోవడం వంటి పనులతో ఈ జబ్బుకు ఉన్న సంబంధం స్పష్టంగా తేలింది. టైపింగ్ విషయంలో పరిశోధనలు ఒక మాట మీద లేవు. ఇంత చిన్న వయసులో వచ్చింది కనుక థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి, కీళ్లవాతం లక్షణాలు ఉన్నాయేమో చూపించుకోండి, బరువు ఎక్కువగా ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉండి, మందుతో అది సర్దుకున్నాక చేతి తిమ్మిరి కూడా తగ్గినవారు ఉన్నారు. ఉద్యోగం మార్చడం అన్నది ఈ జబ్బుకు చికిత్స కాదు.

రెండు పద్ధతుల్లోనూ లోపల జరిగే పని ఒకటే, లిగమెంటును విడదీయడం. ఎండోస్కోపీలో ఒకటి రెండు చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి లోపలి నుంచి విడదీస్తారు కనుక అరచేతిలో పెద్ద కోత ఉండదు, తొలి వారాల్లో నొప్పి తక్కువ, పనిలోకి సగటున ఒక వారం ముందుగా వెళ్లగలుగుతారు. కొన్ని నెలలు గడిచాక రెండింటి ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నా అభిప్రాయంలో ఇక్కడ పద్ధతి కన్నా దాన్ని చేసే మనిషి ముఖ్యం. ఎండోస్కోపీ తరచుగా చేసే వైద్యుడు దొరికి, ఆ వారం రోజుల తేడా మీకు విలువైనదైతే ఖర్చు పెట్టండి. కూర్చుని చేసే ఉద్యోగానికి ఆ తేడా అంత విలువైనదని నేను అనుకోను.

ఆరు వారాల సెలవు అక్కర్లేదు. కట్టు పెద్దది కాకపోతే నాలుగైదు రోజులకే రెండు వేళ్లతో టైపు చేయగలుగుతారు, ఒకటి రెండు వారాల్లో రోజువారీ పని నడుస్తుంది. ఇంటి నుంచి పనిచేసే వీలుంటే మొదటి వారం కోరండి. అరగంటకోసారి ఆపి వేళ్లు ముడిచి చాచండి. మణికట్టును బల్ల అంచుకు ఆనించి టైపు చేయడం మాత్రం మానుకోవాలి, కోత సరిగ్గా అక్కడే ఉంటుంది. మౌస్‌ను కొన్నాళ్లు రెండో చేతికి మార్చుకోండి. సెలవు అయిపోయిందని మొదటి రోజే పన్నెండు గంటలు కూర్చునేవారు మన ఐటీ కార్యాలయాల్లో తక్కువేమీ కాదు. సాయంత్రానికి వేళ్లు ఉబ్బితే ఆ రోజు పని ఎక్కువైందని గుర్తు.

బైకు సంగతి తేదీతో తేల్చలేము. ఆపి ఉంచిన బండి మీద కూర్చుని, ముందు బ్రేకునూ క్లచ్‌నూ నొప్పి లేకుండా గట్టిగా, వెంటవెంటనే నొక్కగలిగితే నడపవచ్చు. చాలామందికి మూడు నాలుగు వారాలు పడుతుంది. బేరమాడి ముందే బయలుదేరితే, అడ్డుగా వచ్చిన ఆటో ముందు ఆ చేయి మాట వినకపోవచ్చు. జిమ్‌లో అరచేతుల మీద బరువు వేసే దండాలు మూడు నెలల తర్వాతి మాట.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. రెండు చేతులూ రాత్రంతా తిమ్మిరి. ఆపరేషన్ చేయాలేమోనని భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అవసరం రాకపోవచ్చు, భయపడకండమ్మా. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరి ఈ తిమ్మిరి రావడం చాలా మామూలు. చాలామందికి కాన్పు తర్వాత కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. రాత్రిళ్లు రెండు మణికట్లకూ స్ప్లింట్ వేసుకుని, చేతుల కింద దిండు పెట్టుకుని పడుకోండి. ఉంగరాలు బిగుతైతే ఇప్పుడే తీసేయండి. చేతులతో పాటు ముఖం కూడా ఉబ్బినా, తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా అది మణికట్టు సంగతి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి బీపీ చూపించుకోండి. కాన్పు తర్వాత పాలిచ్చేటప్పుడు బిడ్డ తల కింద మణికట్టును వంచి ఉంచకుండా, ముంజేతిని దిండు మీద ఆనించుకోండి. అప్పటికీ నెలల తరబడి తగ్గకపోతే నరాల పరీక్ష చేయించవచ్చు.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో గ్రైండింగ్ మెషిన్ మీద పనిచేస్తాను. జీతం నెలకు 19,000, ఈఎస్ఐ ఉంది. కుడిచేతికి ఆపరేషన్ అయి నాలుగు వారాలు. సూపర్‌వైజర్ రమ్మంటున్నాడు, వైద్యుడు ఇంకా రెస్ట్ అంటున్నారు. జీతం పోతోంది. ఎప్పుడు వెళ్లాలి? మళ్లీ అదే మెషిన్ పడితే జబ్బు తిరగబెడుతుందా?

జవాబు: ముందు జీతం విషయం. ఈఎస్ఐ చందా నిబంధనల ప్రకారం జమ అయి ఉంటే, వైద్యుడు ధ్రువీకరించిన అనారోగ్య కాలానికి సగటు దినవేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల వరకు నగదు సాయం అందుతుంది. అందుకు ఈఎస్ఐ డిస్పెన్సరీ లేదా ఆసుపత్రి వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఆపరేషన్ ప్రైవేటు ఆసుపత్రిలో అయితే అక్కడి డిశ్చార్జి కాగితాలు తీసుకుని ఇంకా ఆలస్యం కాకుండా మీ డిస్పెన్సరీలో చూపించండి. ఈ సాయం గురించి తెలియక అప్పు చేసి పనిలోకి ముందే వెళ్లిపోయిన కార్మికులను నేను చూశాను.

పని విషయంలో మీ ఇద్దరు పెద్దమనుషుల మాటల్లోనూ కొంత లోపం ఉంది. గ్రైండింగ్ మెషిన్ పట్టుకోవడానికి నాలుగు వారాలు చాలవు. బలమైన పట్టు, అదురు రెండూ కలిసిన పనికి సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు కావాలి. అలాగని అప్పటిదాకా ఇంట్లో కూర్చోవాలన్న నియమమూ లేదు. తయారైన భాగాలను చూసి వేరుచేయడం, లెక్క రాయడం, కొలతలు చూడడం వంటి పనులు మీరు ఇప్పుడే చేయగలరు. కాబట్టి వైద్యుణ్ని రెస్ట్ అని కాక, ఏ పని చేయవచ్చో ఏది చేయకూడదో వివరంగా రాసిమ్మని అడగండి. కుడిచేత్తో రెండు కిలోలకు మించి ఎత్తకూడదు, అదిరే యంత్రం పట్టకూడదు, సుత్తి వాడకూడదు, ఆరు వారాల తర్వాత మళ్లీ చూసి నిర్ణయిస్తాము అని ఉన్న కాగితం చూపిస్తే సూపర్‌వైజర్‌కు ఏం చేయాలో తెలుస్తుంది. ఉత్త రెస్ట్ అని రాసిన కాగితానికి ఫ్యాక్టరీలో రెండే అర్థాలు, రావడం లేదా మానడం. తేలికపని ఒప్పుకున్న రోజు నుంచి ఆ నగదు సాయం ఆగుతుంది కనుక, ఆ పనికి పూర్తి జీతం ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి.

తిరగబెట్టడం గురించి. సరిగ్గా, పూర్తిగా విడదీసిన లిగమెంటు మళ్లీ బిగుసుకుని నరాన్ని నొక్కడం తక్కువ. కానీ అదురు వల్ల వేళ్లలోని చిన్న నరాలూ రక్తనాళాలూ విడిగా దెబ్బతినే జబ్బు ఒకటి ఉంది, దానికి ఈ ఆపరేషన్ మందు కాదు. చలిలో వేళ్లు తెల్లబడుతున్నాయా, చిటికెన వేలికి కూడా తిమ్మిరి వస్తున్నదా గమనించి వైద్యుడికి చెప్పండి. తిరిగి మెషిన్ ఎక్కినప్పుడు మొదటి రెండు వారాలు సగం షిఫ్టు, మధ్యలో వేరే పని అడగండి. అరిగిన చక్రం, వదులైన పట్టు భాగం అదురును పెంచుతాయి, వాటిని మార్పించుకోవడం మీ హక్కే. పిడిని అవసరమైన దానికన్నా గట్టిగా బిగించి పట్టడం కొత్తగా తిరిగొచ్చినవారికి భయం వల్ల వచ్చే అలవాటు, దాన్ని గమనించుకోండి.

ప్రశ్న: మాకు నాలుగు గేదెలున్నాయి, పాలు నేనే పితుకుతాను. నాలుగు నెలల కిందట కుడిచేతికి ఆపరేషన్ అయింది. రాత్రి నొప్పి మొదటి వారంలోనే పోయింది. కానీ చూపుడు, మధ్య వేళ్ల చివరలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, అరచేయి మొదట్లో రెండు పక్కలా నొక్కితే నొప్పి, పిండుతుంటే చేయి త్వరగా అలిసిపోతోంది. ఆపరేషన్ విఫలమైనట్టేనా? – ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: రాత్రి నొప్పి పోయిందంటే నరం మీది ఒత్తిడి తగ్గిందనే అర్థం, కాబట్టి విఫలమైందని ఇప్పుడే అనవద్దు. మీరు చెప్పిన మూడు బాధలూ మూడు వేర్వేరు కారణాల వల్ల వచ్చినవి, వాటి గడువులూ వేరు. వేలి చివరల మొద్దుదనం నరం లోపలి తంతువులు తిరిగి పెరిగేదాకా ఉంటుంది. అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, మణికట్టు నుంచి వేలి కొసకు దూరం పదిహేడు పద్దెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి ఆరు నెలలు పట్టడంలో వింత లేదు, ఏడాది దాకా మెరుగుపడినవారూ ఉన్నారు. ఆపరేషన్‌కు ముందు ఎంత కాలం మొద్దుగా ఉందన్న దాన్ని బట్టి కొంత అలాగే మిగిలిపోవచ్చు కూడా.

అరచేయి మొదట్లో రెండు పక్కలా నొప్పి కోత పుండు వల్ల వచ్చేది కాదు. నరానికి పైకప్పుగా ఉన్న లిగమెంటును విడదీశాక దాన్ని అంటిపెట్టుకున్న కండరాలూ ఎముకలూ కొత్త స్థితికి సర్దుకునేటప్పుడు వస్తుంది. చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గుతుంది. నేల మీది నుంచి అరచేయి ఆనించి లేవడం, పలుగు పట్టడం మాని, మచ్చ మీద రోజుకు మూడు నాలుగు సార్లు కొబ్బరినూనెతో ఐదు నిమిషాల చొప్పున గుండ్రంగా రుద్దండి. తాకితే జివ్వుమంటుంటే గిన్నెలో బియ్యమో పెసలో పోసి అందులో చేయి కదిలించడం మంచి సాధన.

పట్టు చాలామందికి మూడు నెలలకు పాత స్థాయికి వచ్చినా, పాలు పిండడం వంటి ఎడతెగని పనికి కావలసిన ఓపిక ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఇప్పటికి రెండు గేదెలు మీరు పిండి, మిగిలినవి ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. బొటనవేలిని మడిచి కణుపుతో నొక్కి పిండే అలవాటు ఉంటే మానండి, అది మీ వేలికీ పశువు చన్నుకూ రెండింటికీ చెరుపు. నిండు పిడికిలితో పిండుతూ, మణికట్టు వంగకుండా కూర్చునే ఎత్తు సరిచేసుకోండి. ఊళ్లో పాలు పితికే యంత్రం అద్దెకో ఉమ్మడిగానో దొరికితే ఈ ఏడాదికి అదే మేలు.

వైద్యుడి దగ్గరకు త్వరగా వెళ్లవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. తగ్గిన రాత్రి తిమ్మిరి మళ్లీ మొదలైతే, వేలు ముడిచి చాచేటప్పుడు మధ్యలో పట్టేసి టక్కుమని విడుస్తుంటే, చేయి అంతా ఉబ్బి రంగు మారి మంటగా ఉంటే ఆగవద్దు. అవేమీ లేకుండా ఆరు నెలలకు కూడా ఏ మార్పూ కనిపించకపోతే నరాల పరీక్ష మళ్లీ చేయిస్తారు. ఆపరేషన్‌కు ముందు తీసిన రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ఈ జబ్బు పూర్తిగా తగ్గినవారిలో కూడా ఆ పరీక్ష కొంత తేడా చూపిస్తూనే ఉంటుంది కనుక, పాతదానితో పోల్చకుండా కొత్త రిపోర్టును ఒక్కదాన్నే చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేరు.